దెబ్బ పైకి కనబడకపోయినా రక్తం చెబుతుంది

మిరపకోతల రోజులు. పొద్దుగూకే వేళ ఒక రైతును మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. ట్రాక్టరు గట్టు దిగుతూ పక్కకు ఒరిగింది. స్టీరింగు పొట్టకు బలంగా తగిలింది. ఒంటిమీద గీరుకుపోయిన గుర్తులు తప్ప గాయమేమీ లేదు. మాట స్పష్టంగా వున్నది, రక్తపోటు బాగానే వున్నది, నాడి మాత్రం కాస్త వేగంగా కొట్టుకుంటున్నది. హెమోగ్లోబిన్ 12 గ్రాములు.

"రక్తం పన్నెండు వుందన్నారుగా డాక్టరుగారూ! కళ్ళంలో కాయలు ఆరబోసి వచ్చాం. ఇంటికి తీసుకుపోతాం" అన్నాడు వెంట వచ్చిన బావమరిది.

ఇంకొక్క పరీక్ష చూడనివ్వమని ఆపాను. రక్తంలో లాక్టేట్ 5 దాటివున్నది. వెంటనే పొట్టకు స్కానింగు చేయించాము. ఎడమ పక్కటెముకల కింద వుండే ప్లీహం చిట్లి, లోలోపల రక్తం చేరుతున్నది. ఆ రాత్రే ఆపరేషను జరిగింది, మనిషి బతికాడు. ఇంటికి పోయివుంటే తెల్లవారేసరికి ఏమయ్యేదో వేరే చెప్పనక్కరలేదు.

ట్రాక్టరు ప్రమాదాలు మన పొలాలకు కొత్తవి కావు. 2025 ఫిబ్రవరిలో పల్నాడు జిల్లా ముప్పాళ్ళ మండలంలో మిరపకోతకు వెళ్ళి వస్తున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించారు. కనుక ఈ సంగతి ప్రతి ఇంట్లోనూ తెలిసివుండాలి.

హెమోగ్లోబిన్ ఎందుకు మోసగిస్తుంది?

కుండలో మజ్జిగ సగం ఒలికిపోయిందనుకోండి. మిగిలిన సగం మునుపటంత చిక్కగానే వుంటుంది. నీళ్ళు కలిపినప్పుడే పలుచనవుతుంది. రక్తమూ అంతే. శరీరంలోని నీరు నెమ్మదిగా రక్తనాళాల్లోకి చేరిన తరువాత గాని, లేక మేము సెలైన్ ఎక్కించిన తరువాత గాని హెమోగ్లోబిన్ తగ్గినట్టు కనబడదు. మొదటి గంటలో చేసిన పరీక్ష బాగున్నంత మాత్రాన రక్తం పోలేదని అర్థం కాదు.

లాక్టేట్ అంటే ఏమిటి?

మన గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీని చూడండి. బరువెత్తి గబగబా నడిచినప్పుడు అతని కండరాలకు ప్రాణవాయువు చాలదు. అప్పుడు అవి చక్కెరను సగం మాత్రమే వాడుకుని లాక్టేట్‌ను విడుదల చేస్తాయి. అతను కాసేపు కూర్చుంటే కాలేయం దాన్ని తొలగిస్తుంది. మంచంమీద కదలకుండా పడుకున్న మనిషిలో లాక్టేట్ పెరిగితే మాత్రం అవయవాలకు రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి.

మామూలుగా ఇది లీటరుకు 2 మిల్లీమోల్ లోపు వుంటుంది. 4 దాటితే దెబ్బ తీవ్రమైనదని భావించి రక్తస్రావం ఎక్కడున్నదో వెదుకుతాము. కొన్ని గంటలకొకసారి మళ్ళీ చూస్తాము. ఒక్క అంకె కంటే అది దిగుతున్నదా, ఎక్కుతున్నదా అన్నదే ముఖ్యం. చికిత్సతో 24 గంటలలోపు మామూలు స్థితికి వస్తే కోలుకునే ఆశ బాగా ఎక్కువ.

ఈ పరీక్షకూ లోపాలున్నవి. మద్యం తాగినా, ఫిట్స్ వచ్చినా, కాలేయం చెడినా లాక్టేట్ పెరగవచ్చు. లాక్టేట్ మామూలుగా వున్నంత మాత్రాన ప్రమాదం లేదనీ చెప్పలేము. అందుకే నాడి, పొట్ట, స్కానింగు అన్నీ కలిపి చూస్తాము.

బరువు కింద నలిగినవారికి

ట్రక్కు కింద గంటల తరబడి కాలు ఇరుక్కుంటే ఎముక విరగకపోయినా కండరం నలిగిపోతుంది. ఆ కండరంలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. 1941లో లండన్‌లో బాంబుదాడులకు కూలిన ఇళ్ళకింద చిక్కుకున్నవారిలో వైద్యుడు బైవాటర్స్ దీన్ని వివరించాడు. ఇటువంటివారికి సి.కె. అనే పరీక్ష చేస్తాము. అది 5000 యూనిట్లు దాటితే మూత్రపిండాలకు ముప్పు. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి.

మీరు చేయవలసినవి

వెంటనే 108కు ఫోను చేయండి. కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టండి. కాఫీపొడి, పసుపు అద్దవద్దు. పొట్టకు దెబ్బ తగిలినవారికి సోడాలు, టీలు తాగించవద్దు. ఆపరేషను అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు ప్రమాదం.

దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో చెప్పండి. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షను 3 గంటలలోపు ఇస్తేనే మేలు. తాగివుంటే దాచవద్దు. చక్కెర జబ్బు మాత్రలు, రక్తపోటు మాత్రలు వాడుతుంటే చూపించండి. కొన్ని రక్తపోటు మాత్రలు నాడి వేగాన్ని కప్పిపుచ్చుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. "బాగానే మాట్లాడుతున్నాడుగా" అని రోగిని తీసుకుపోకండి. రెండోసారి రక్తం తీస్తామంటే విసుక్కోకండి. కళ్ళంలో కాయలను ఒక రాత్రి పొరుగువారు కనిపెట్టుకుని వుంటారు. మనిషిని మాత్రం ఆ రాత్రికి ఆసుపత్రిలోనే వుండనివ్వండి.