కట్టు కట్టడానికి వెళ్లి రాయబారిగా

విదేశం అనగానే మన ఇళ్లలో ముందు వీసా మాట, ఆ వెంటనే జీతం మాట వస్తాయి. తప్పు లేదు, హలాల్ సంపాదన కోసం చేసే ప్రయాణమూ పుణ్యమే. అయితే జీతం ప్రసక్తే లేని ప్రయాణం ఒక యువకుణ్ణి ఎంత దూరం తీసుకుపోయిందో మన పిల్లలు తెలుసుకోవాలి.

1912లో బాల్కన్ యుద్ధం మొదలైంది. గాయపడిన తుర్కీ సైనికుల కోసం మౌలానా ముహమ్మద్ అలీ తన ‘కామ్రేడ్’ పత్రిక ద్వారా చందాలు పోగుచేశారు. డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక వైద్య బృందం ఆ డిసెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కింది. అన్సారీ గారు మద్రాసులోనూ, తర్వాత ఎడింబరోలోనూ వైద్యం చదివినవారు. కానీ బృందంలో అందరూ డాక్టర్లు కారు. కట్లు కట్టడానికి, క్షతగాత్రులకు సపర్యలు చేయడానికి అలీగఢ్‌లో చదివిన యువకులు కొందరు వెంట వెళ్లారు. వారిలో పెషావర్‌కు చెందిన అబ్దుర్రహ్మాన్ ఒకరు. దారి ఖర్చులకు తన సామాన్లు అమ్ముకున్నారని చెబుతారు.

1913లో బృందం తిరిగి వచ్చింది. ఆయన రాలేదు. తుర్కీ సైన్యంలో చేరారు, గల్లీపోలీలో గాయపడ్డారు. 1920లో అనటోలియా వార్తాసంస్థ ఏర్పడినప్పుడు దాని తొలి విలేకరుల్లో ఒకరయ్యారు. ఆపైన అంకారా ప్రభుత్వం ఆయనను తన రాయబారిగా కాబూల్‌కు పంపింది! పరాయి గడ్డపై పుట్టినవారికి ఇంతటి పదవి ఊరికే రాదు. కష్టకాలంలో వచ్చి, అందరూ వెళ్లిపోయాక కూడా నిలిచినవారని తుర్కీలకు తెలుసు. సరిహద్దు ప్రాంతంలో పెరిగినవారు కాబట్టి ఆఫ్ఘనుల తీరు ఆయనకు తెలుసు. ఈ నమ్మకం ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేనిది.

అదే బృందంలో వెళ్లిన షుఐబ్ ఖురేషీ దేశ విభజన తర్వాత సోవియట్ యూనియన్‌లో పాకిస్తాన్ రాయబారి అయ్యారు. చౌధరీ ఖలీఖుజ్జమాన్‌ను ఆ దేశమే ఇండోనేషియాకు పంపింది.

కానీ తల్లిదండ్రులు ఇంకో సంగతి కూడా వినాలి. కాబూల్ నుంచి ఖైబర్ కనుమ దాటితే అబ్దుర్రహ్మాన్ పుట్టిన ఊరే. బ్రిటిష్ పాలనలోని ఆ ఊరికి ఆయన తిరిగి రాలేదు. 1925లో ఇస్తాంబుల్‌లో ఆయనపై కాల్పులు జరిగాయి. మరొకరనుకొని కాల్చారంటారు. ఆ గాయాలతోనే కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఇప్పుడు ఖిద్మత్ (సేవ) కోసం బయటి దేశాలకు వెళ్లాలనే పిల్లలకు ఇంత తెగింపు అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి స్వచ్ఛంద సేవకుల కార్యక్రమం 1970లో ఏర్పడింది. ఎంపికైనవారికి జీవన భృతి ఇస్తుంది, దరఖాస్తుకు రుసుమేమీ తీసుకోదు. దాని పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క పైసా ఇవ్వకండి.