పాత కెర్నెల్, కొత్త కెమెరా

పక్క కంప్యూటర్‌లో భేషుగ్గా పనిచేసే వెబ్‌క్యామే. తెచ్చి ఇక్కడ గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5, దాని ఉచిత రూపమైన సెంట్‌ఓఎస్ 5 వాడినవాళ్లకు ఇది కొత్త కాదు. తప్పు కెమెరాది కాదు, తారీఖులది.

రెడ్‌హ్యాట్ 5 వచ్చింది 2007 మార్చిలో, 2.6.18 కెర్నెల్‌తో. లారెంట్ పిన్‌చార్ట్ రాసిన యూవీసీవీడియో అనే వెబ్‌క్యామ్ డ్రైవర్ ప్రధాన కెర్నెల్‌లో చేరింది 2008 జులైలో, 2.6.26 నాటికి. ఒక ఫ్రెంచ్ డాక్టరు తీరిక వేళల్లో రెండు వందలకు పైగా కెమెరాల కోసం పెంచిన జీఎస్పీసీఏ అనే మరో డ్రైవర్ ఆ అక్టోబరులో 2.6.27లో చేరింది. రెండూ రైలు వెళ్లిపోయాక స్టేషన్‌కు వచ్చినట్టే. బ్యాంకులకు, ఫ్యాక్టరీలకు అమ్మే లినక్స్ పదేళ్లపాటు అదే కెర్నెల్‌ను పట్టుకుని ఉంటుంది. భద్రతా మరమ్మతులను మాత్రం వెనక్కి తెచ్చి అతికిస్తారు. కదలని కెర్నెల్ కోసమే కదా వాళ్లు డబ్బు కట్టేది!

డ్రైవర్ వెతికేటప్పుడు డబ్బా మీది పేరు నమ్మకూడదు. అదే పేరుతో లోపల చిప్ మార్చి అమ్మడం మామూలే. నేనూ పేరు పట్టుకుని ఒక పూట పోగొట్టుకున్నాను. నమ్మదగ్గది కెమెరా తనంతట తాను చెప్పే నంబరు. గుచ్చగానే ప్రతి యూఎస్‌బీ పరికరమూ 18 బైట్ల పరిచయపత్రం ఇస్తుంది. అందులో తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య ఉంటాయి. లాజిటెక్‌ది 046డి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఈ రెండింటినీ చూపిస్తుంది. ఇంకాస్త వివరంగా అడిగితే ఇంటర్‌ఫేస్ తరగతి కూడా చెబుతుంది. అది 14, అంటే వీడియో అయితే సగం బెంగ తీరినట్టే. తయారీదారు ఎవరైనా, యూవీసీ అనే ఉమ్మడి ప్రమాణం పాటించే కెమెరాలకు యూవీసీవీడియో ఒక్కటే చాలు. తరగతి వేరే వస్తే ఆ సంఖ్యల జతను జీఎస్పీసీఏ జాబితాలో వెతకాలి.

డ్రైవర్ దొరికినా పని అయిపోదు, దాన్ని కంపైల్ చేయాలి. అందుకు కెర్నెల్-డెవెల్ ప్యాకేజీ కావాలి. దాని వెర్షన్ నడుస్తున్న కెర్నెల్ వెర్షన్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. యునేమ్ ఆదేశం చెప్పేదే ప్రమాణం. ఎందుకింత పట్టింపు? డ్రైవర్ కెర్నెల్ లోపలే నడుస్తుంది, దాని ఫంక్షన్లను నేరుగా పిలుస్తుంది. రెడ్‌హ్యాట్ కెర్నెల్‌లో అలాంటి ప్రతి ఫంక్షన్‌కూ దాని నిర్మాణం నుంచి లెక్కకట్టిన చెక్‌సమ్ ఉంటుంది. డ్రైవర్‌లో రాసుకున్న లెక్క, కెర్నెల్‌లోని లెక్క కలవకపోతే కెర్నెల్ ఆ డ్రైవర్‌ను గడప తొక్కనివ్వదు. మొండితనంలా కనిపిస్తుంది గానీ, అలాంటిదాన్ని లోపలికి రానిస్తే మెషీన్ మొత్తం కూలిపోవచ్చు.

కొన్ని ఫంక్షన్లు తమ కెర్నెల్ బతికున్నంత కాలం మారవని రెడ్‌హ్యాట్ మాట ఇస్తుంది. వాటినే వాడుకునే డ్రైవర్‌ను ప్రతి అప్‌డేట్‌కూ మళ్లీ కట్టనక్కర్లేదు. అన్ని ఫంక్షన్లూ ఆ హామీ కిందికి రావు. అందుకే నిన్న బొమ్మ వచ్చిన కెమెరా ఇవాళ అప్‌డేట్ తర్వాత మూగబోతుంది. ఇప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, సొంతంగా కట్టిన డ్రైవర్ మీద డిజిటల్ సంతకమూ ఉండాలి.

యూవీసీ కెమెరాలకు ఈ తిప్పలు ఇప్పుడు దాదాపు లేవు. కానీ కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ మీద కాక ఇంటెల్ ఐపీయూ6 అనే భాగానికి నేరుగా తగిలి ఉంటుంది. దాని డ్రైవర్ ప్రధాన కెర్నెల్‌లోకి వచ్చింది 2024లో, 6.10లో. రెడ్‌హ్యాట్ 9 అప్పటికి రెండేళ్ల ముందే, 5.14తో బయల్దేరింది.