పోగొట్టుకొన్నవానికే హెచ్చు రుసుము

పత్తికొండ యెఱ్ఱనేలలోనో, జమ్మలమడుగు నల్లరేగడిలోనో ఒక రైతునకు 5 ఎకరముల మెట్ట గలదనుకొందము. ఎకరము 4 లక్షలు చేయును. పొరుగువాడు దానిపై హక్కు చెప్పి గట్టు చెరపుటకు సిద్ధపడినాడు. భూమి తన స్వాధీనమున నుండగనే రైతు కోర్టుకు పోయి, హక్కు ప్రకటించి ప్రతివాదిని నిషేధింపుడని కోరినచో, 1956 నాటి కోర్టురుసుముల చట్టము 24వ సెక్షను ప్రకారము భూమి వెలలో సగము, అనగా 10 లక్షలపై రుసుము కట్టవలెను. దౌర్జన్యముచే భూమి పోయిన పిమ్మట హక్కును, స్వాధీనమును గూడ కోరెనా, వెలలో నాలుగింట మూడు వంతులు, అనగా 15 లక్షలపై కట్టవలెను. పంటయు భూమియు పోయినవాడే యెక్కువ చెల్లించుట మన చట్టమునందలి న్యాయము!

పరప్రభుత్వమువారి 1870 నాటి చట్టమైనను రైత్వారీ భూముల స్వాధీనపు దావాలకు శిస్తునకు ఇన్ని రెట్లని విలువ కట్టెను. 1800లో దత్తమండలములు కుంపిణీ వశమైన పిమ్మట మన్రో పొలము పొలమునకు విధించిన శిస్తు భారమును కడపవారు మరువరు. అయినను మెట్టకు శిస్తు తక్కువ గనుక కోర్టులో దాని విలువయు తక్కువగ నుండెడిది. నేటి కొలత బజారు వెల. ప్రక్కన రహదారియో, సౌరవిద్యుత్కేంద్రమో వెలసినచో వెల పెరుగును, వాన పెరుగదు. అమ్మదలచినవానికి అది లాభమే. దున్నుకొనువానికి ఆ పెరిగిన వెల కోర్టుకచేరిలో దక్క మరెక్కడను కనబడదు.

రుసుము లేనిచో అబద్ధపు దావాలు పెరుగునని వకీలు మిత్రులందురు. 1795లో బంగాళమున కుంపిణీవారు దావాలపై రుసుము విధించుచు శాసనపీఠికలో చెప్పిన కారణమిదియే. 1835లో మెకాలే ఆ పీఠికను పరిహసించెను. మెకాలేను మెచ్చుకొను అవసరము మాకు తఱచుగ గలుగదు, ఇచ్చట గలిగినది.

గెలిచినవానికి ఖర్చులు వచ్చును గదా యందురు. వచ్చును; కాని ముందుగ అప్పు తేవలెను, ఆ అప్పు వడ్డీ డిక్రీలో చేరదు, డిక్రీ అమలు మరియొక దావా వంటిది. లోక్ అదాలతులో రాజీపడినచో రుసుము వాపసు వచ్చును. ఆక్రమించి కూర్చున్నవాడు రాజీకేల వచ్చును?

సివిలు ప్రొసీజరు కోడు 33వ ఆర్డరు నిర్ధనునకు రుసుము లేకయే దావా వేయుటకు అనుమతినిచ్చి, తీర్పు పిమ్మట ప్రభుత్వము దానిని రాబట్టుకొనునట్లు చేసినది. వివాదమందలి భూమిని మినహాయించియే వాని శక్తిని చూతురు. కాని వేరొకచోట 2 ఎకరములున్న రైతు తాను నిర్ధనుడనని ఋజువు చేయుట సులభము గాదు. స్వాధీనము పోయిన మెట్టరైతునకు సైతము ఈ పద్ధతినే వర్తింపజేసి, దావానాడు కొద్ది మొత్తమును, మిగిలినది డిక్రీ పిమ్మట ఓడినవానినుండియు తీసికొనవచ్చును. కోర్టురుసుములు రాష్ట్రశాసనసభ అధికారములోనివి. ముందుగ 24వ సెక్షనులోని యీ సగము, ముప్పాతిక భేదమును తొలగించుటకైనను కర్నూలు, కడప శాసనసభ్యులు వచ్చు సమావేశమున సవరణ తేవలెను.