అభిమానులు పోనివ్వని నటులు

సినిమా హీరోని కడసారి చూడటానికి లక్షమంది వచ్చారంటే ఇవాళ ఎవరూ ఆశ్చర్యపోరు. 1926లో, తెరమీద బొమ్మకు ఇంకా మాటలే రాని రోజుల్లో, న్యూయార్క్ వీధులు ఆ జనాన్ని చూశాయి. పోయినవాడు రుడాల్ఫ్ వాలెంటినో.

ఇటలీలోని కాస్టెల్లనేటా అనే చిన్న ఊరు అతనిది. 18 ఏళ్లకు అమెరికా చేరి గిన్నెలు కడిగాడు, తోటపని చేశాడు, డాన్సు హాళ్లలో డబ్బుకు నాట్యమాడాడు. 1921లో వచ్చిన ‘ది షేక్’తో దేశమంతా అతని పేరే. ఐదేళ్లు తిరిగాయో లేదో, న్యూయార్క్ హోటల్లో కుప్పకూలాడు. కడుపులో పుండుకు చిల్లు పడింది. ఆపరేషన్ చేశారు కానీ లోపల చీము వ్యాపించింది. పెన్సిలిన్ ఇంకా కనిపెట్టని కాలమది. ఆగస్టు 23 మధ్యాహ్నం 12 గంటల 10 నిమిషాలకు ప్రాణం పోయింది. వయసు 31.

బ్రాడ్‌వేలో పార్థివదేహాన్ని ఉంచిన భవనం దగ్గర తోపులాటలో కిటికీ అద్దాలు పగిలాయి. జనాన్ని ఆపడానికి గుర్రాల మీద పోలీసులు దిగారు. అంత్యక్రియల ప్రార్థనలు రెండుసార్లు జరిగాయి: ఒకటి న్యూయార్క్‌లో, తర్వాత శవపేటికను రైల్లో దేశం ఆ చివరికి తీసుకెళ్లి, బెవర్లీ హిల్స్‌లో మరొకటి.

ఇంత పేరున్న మనిషికి సొంత సమాధి మాత్రం లేదు. అతనిలోని నటుణ్ణి గుర్తించి పైకి తెచ్చిన రచయిత్రి జూన్ మాథిస్, హాలీవుడ్ శ్మశానంలో తనకోసం కొనుక్కున్న గూటిని తాత్కాలికంగా ఇచ్చింది. మరుసటి ఏడాదే ఆమె కూడా చనిపోయింది. అతన్ని పక్క గూటికి మార్చారు. 1205 నంబరు గల ఆ గూడే అతనికి శాశ్వతమైంది. వాళ్లిద్దరూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నారు. ఈ కథలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది ఆ రచయిత్రి ఔదార్యమే.

ఏటా అదే తేదీన, అదే నిమిషానికి, అక్కడ స్మారక సభ మొదలవుతుంది. నల్లబట్టల్లో, ముఖానికి మేలిముసుగుతో గులాబీలు తెచ్చే ‘నల్లదుస్తుల మహిళ’ ఆ సభకే ఒక ఆనవాయితీ అయింది. మొదట్లో అలా వచ్చినవాళ్లలో డిట్రా ఫ్లేమ్ ఒకరు. చిన్నప్పుడు జబ్బుచేసి ఆసుపత్రిలో ఉంటే వాలెంటినో వచ్చి ధైర్యం చెప్పాడనీ, ఆ రుణం తీర్చుకుంటున్నాననీ ఆమె చెప్పేది. తర్వాత మరికొందరు ఆ వేషం అందుకున్నారు. అంత్యక్రియల నాటి జనసందోహం కన్నా, అతన్ని కళ్లారా చూడని తరాలు తప్పకుండా జరుపుతున్న ఈ వర్ధంతే నాకు పెద్ద రికార్డు.

జేమ్స్ డీన్‌ది ఇంకో రకం వింత. 1955 సెప్టెంబర్ 30న కారు ప్రమాదంలో 24 ఏళ్లకే పోయేనాటికి, అతను హీరోగా నటించిన సినిమా ఒక్కటే విడుదలైంది. అభిమానుల్లో ఎక్కువమంది అతన్ని ప్రేమించింది పోయిన తర్వాతే! మరణానంతరం నటనకు రెండు ఆస్కార్ నామినేషన్లు అందుకున్నది ఇప్పటికీ అతనొక్కడే. ఇండియానాలోని ఫెయిర్‌మౌంట్‌లో అతని సమాధి రాయి మీద లిప్‌స్టిక్ ముద్దులు కనిపిస్తాయి. 1983లో ఆ రాయి రెండుసార్లు దొంగతనానికి గురైంది. ప్రమాదం జరిగిన షొలామ్ అనే ఊరి దగ్గర స్మారకం కట్టించింది అమెరికన్ కాదు, సముద్రం దాటి వచ్చిన జపాన్ వ్యాపారి.

హంఫ్రీ బోగార్ట్ 1957 జనవరిలో పోయాడు. ఆ ఏడాదే హార్వర్డ్ పక్కనున్న బ్రాటిల్ థియేటర్ అతను నటించిన ‘కాసాబ్లాంకా’ వేసింది. అప్పటికే 15 ఏళ్ల పాత సినిమా. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులు అక్కడికొచ్చి, తెరమీద బోగార్ట్‌తో పాటు డైలాగులు గొంతెత్తి చెప్పేవారు. 1999లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాతతరం నటుల్లో అతనికి మొదటి స్థానం ఇచ్చిందంటే, అందులో ఆ కుర్రకారు వంతు తక్కువేం కాదు. బ్రాటిల్ ఇప్పటికీ ప్రేమికుల రోజుకు ఆ సినిమా వేస్తోంది.