ఏ తాత తిన్న తిండి?

మన పూర్వీకులు తిన్నట్టు తినండి! ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే మాట. ఒకాయన అన్నం మానేసి మాంసం, గుడ్లు, బాదంపప్పు తినమంటాడు. ఇంకొకాయన కొర్రలు, అరికెలు వండుకోమంటాడు. పాలు మనిషి తిండే కాదని ఒకావిడ కొట్టిపారేస్తే, నెయ్యిని మించిన మందు లేదంటుంది పక్కావిడ. అందరూ సాక్ష్యానికి పిలిచేది తాతనే. సరే, ఏ తాతని? నిన్నమొన్నటి తాతనా, మొదటిసారి గింజ నాటిన తాతనా, రాతి గొడ్డలి పట్టుకుని అడవుల్లో తిరిగిన తాతనా?

రాతి గొడ్డలి తాతను బాగా ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్లు. 1985లో బాయిడ్ ఈటన్ అనే వైద్యుడు, మెల్విన్ కానర్ అనే మానవశాస్త్రవేత్త కలిసి ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఒక వ్యాసం రాశారు. మనిషి లక్షల ఏళ్లు వేటాడి, ఏరుకు తిని బతికాడు, వ్యవసాయం వచ్చి పదివేల ఏళ్లే అయింది, కొత్త తిండికి ఒళ్లు అలవాటు పడేంత వ్యవధి దొరకలేదు, ఈనాటి జబ్బులకు మూలం అక్కడుందని వాళ్ల వాదన. ఆ వాదననే 2002లో లోరెన్ కార్డెయిన్ ‘ది పేలియో డైట్’ అనే పుస్తకంతో జనంలోకి తీసుకెళ్లాడు. తిండిగింజలు, పప్పులు, పాలు మూడూ వద్దన్నాడు. మన విస్తట్లోంచి ఆ మూడూ తీసేస్తే మిగిలేది కూర, ఊరగాయ.

తీరా తవ్వి చూస్తే, రాతియుగం మనిషి గింజల జోలికి పోలేదన్నది నిజం కాదని తేలింది. బైబిల్లో గలిలయ సముద్రంగా చెప్పే సరస్సులో 1989లో నీళ్లు బాగా తగ్గాయి. ఒడ్డున ఓహాలో అనే చోట 23 వేల ఏళ్ల నాటి గుడిసెల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ గుడిసెల్లో అడవి బార్లీ, అడవి గోధుమ గింజలు దొరికాయి. నూరుడు రాతికి అంటుకున్న పిండి రేణువులు కూడా దొరికాయి. జోర్డాన్‌లో ఒక పొయ్యిలో 14 వేల ఏళ్ల కిందటి రొట్టె ముక్కల మాడు దొరికింది. అప్పటికింకా అక్కడ వ్యవసాయం మొదలే కాలేదు. అంతకుముందు ఇరాక్‌లోని షానిదార్ గుహ నియాండర్తల్ మనిషి పళ్ల గారలో ఉడికిన బార్లీ పిండి జాడ కనిపించింది. దొరికిందల్లా తిన్నాడు, నూరుకున్నాడు, కాల్చుకున్నాడు, ఉడకబెట్టుకున్నాడు. రాతియుగం మనిషికి మెనూ అంటూ ఉంటే అదే.

ఒంట్లో మార్పులు పదివేల ఏళ్ల కిందటే ఆగిపోయాయన్న మాట కూడా నిలవదు. అన్నం ముద్దను కాసేపు నమిలితే తియ్యగా అనిపిస్తుంది కదా, అది లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పని. పిండిపదార్థాలు ఎక్కువగా తినే జనాల్లో ఆ జన్యువు నకళ్లు సగటున ఎక్కువగా ఉంటాయని 2007లో తేల్చారు.

ఉట్నూరు బూడిద

ఇక మన నేల సంగతి. పాత మహబూబ్‌నగర్ జిల్లా మఖ్తల్ ప్రాంతంలో ఉట్నూరు అనే ఊరుంది (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు). అక్కడి బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ తవ్వించాడు. పొర మీద పొరగా కాలిన పేడ బయటపడింది. గట్టిపడిన పొరల్లో పశువుల గిట్టల గుర్తులు అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. చుట్టూ గుంజలు పాతి దడి కట్టిన జాడ కనిపించింది. నాలుగు వేల ఏళ్లు దాటిన పశువుల దొడ్డి అది. అనంతపురం, బళ్లారి వైపు ఇలాంటి దిబ్బలు ఇంకా ఉన్నాయి.

ఇన్ని వేల ఏళ్లు పశువుల్ని కాచిన నేల మీద పుట్టి కూడా మనలో చాలామందికి పెద్దయ్యాక పాలు పడవు. గ్లాసెడు తాగితే కడుపు ఉబ్బరం, గుడగుడ. పాలలోని లాక్టోజు చక్కెరను అరిగించే ఎంజైము పసితనం దాటాక తగ్గిపోవడం మనుషుల్లో మామూలే, ప్రపంచంలో మూడింట రెండొంతుల మందిది ఇదే పరిస్థితి. అది తగ్గకుండా కాపాడే జన్యు మార్పు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణాన, తూర్పున తక్కువ. మన దగ్గర కనిపించేది యూరప్ వాళ్లలో ఉన్న మార్పేనని 2012లో ఒక అధ్యయనం చూపించింది. మరి పాడి మీద బతికిన ఇళ్లలో పాలెలా అరిగాయి? తోడు వేశారు. ఆ సూక్ష్మజీవులు కుండలోనే లాక్టోజును కొంత తినేస్తాయి, మిగిలినదాన్ని కడుపులోకి వెళ్లాక కూడా విడగొడతాయి. ఒంటికి చేతకానిది కుండ చేసిపెట్టింది. పూర్వీకుల తిండి గురించి మాట్లాడేవాళ్లు పదార్థాల జాబితా చదువుతారు గానీ ఈ చేతిపనిని లెక్కలోకి తీసుకోరు. నానబెట్టడం, పులియబెట్టడం, మొలకెత్తించడం లేకుండా మనిషి చరిత్రే లేదు.

ఆ పశువుల కాపరులు ఏం పండించారో కూడా తెలుసు. తవ్వకంలో తీసిన మట్టిని నీళ్లలో వేసి కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాల్లో లండన్‌కు చెందిన డోరియన్ ఫుల్లర్ బృందం ఇలా ఏరిన గింజల్లో ముఖ్యమైనవి అండుకొర్రలు, కొర్రల జాతికే చెందిన మరో చిరుధాన్యం, పెసలు, ఉలవలు. వరి ఆ తర్వాతే వచ్చింది. జొన్నలు, రాగులు ఆఫ్రికా నుంచి వచ్చినవే. మిరప, టమాటా, వేరుశనగ పోర్చుగీసుల ఓడలొచ్చాక అమెరికా ఖండాల నుంచి దిగాయి. శ్రీకృష్ణదేవరాయలు భోంచేసిన రోజుల్లో కారమంటే ముందు మిరియమే. కాబట్టి ‘అనాదిగా మన తిండి’ అన్న బోర్డు పెట్టాలంటే ఉలవచారు హోటలువాళ్లకే హక్కుంది. మిల్లెట్ బిస్కెట్లు అమ్మేవాళ్లకు మాత్రం లేదు. మైదా, చక్కెర, నూనె వేసి పైన కొర్రల బొమ్మ వేస్తే తాత తిండి అయిపోదు.

వేటాడి, ఏరుకు తిని బతికిన వాళ్లను చూడాలంటే రాతియుగం దాకా పోనక్కర్లేదు. నల్లమల చెంచుల మీద మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అందులో వేట కన్నా ఎక్కువగా కనిపించేది గడ్డపారలాంటి తవ్వుడు కర్రే. రోజూ నేల తవ్వి గడ్డలు తీసుకోవడం, పళ్లు, ఇప్పపువ్వు, తేనె ఏరుకోవడం. టాంజానియాలోని హాడ్జాలకూ దుంపలు, పండ్లు, తేనె, మాంసం అన్నీ ఉన్నాయి. రోజూ మైళ్లకొద్దీ నడిచే హాడ్జాలు ఖర్చు చేసే శక్తి, ఒంటి బరువుతో సరిచూస్తే, కుర్చీలో కూర్చునే అమెరికన్లంతేనని హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త 2012లో చూపించాడు. నడిచి కరిగించేద్దాం అనుకుని రెండో వడ్డన వేయించుకునేవాళ్లు ఆగి ఆలోచించాల్సిన మాట ఇది. నడకతో షుగరు అదుపులోకి వస్తుంది. పొట్ట తగ్గాలంటే మాత్రం విస్తరి వైపు చూడాలి.

నాలుగు వాయిలూ అన్నమే

మన విస్తరి సంగతి చూడండి. పప్పుతో అన్నం, కూరతో అన్నం, పులుసుతో అన్నం, పెరుగుతో అన్నం. వాయి మారినప్పుడల్లా మళ్లీ అన్నం పెట్టుకోవాల్సిందే. మెట్ట ప్రాంతాల్లో ఒకప్పుడు ఇది పండగ భోజనం, మామూలు రోజుల్లో సంగటి, గటక, జొన్నరొట్టె, అంబలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేద ఇళ్లలో ఆకలి తగ్గించిన పథకం అది, దాన్ని తప్పుపట్టడం కడుపు నిండినవాళ్లు చేసే పని. కానీ పండగ భోజనం ప్రతిపూటకూ వచ్చింది. మరపట్టిన బియ్యం ఏటికేడు తెల్లబడింది. నాగలి వెనక నడిచే మనిషి కౌంటర్ వెనక కూర్చున్నాడు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది.

అయితే అన్నం ఒక్కదాని మీద నేరం మోపితే కథ సగమే చెప్పినట్టు. 2004లో ‘లాన్సెట్’లో ఒక ఫొటో వచ్చింది. అందులో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే ఒళ్లు మనది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులను 1990ల్లో వెంట ఉండి గమనిస్తే దీని మూలం దొరికింది. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలది 3.5 కిలోలు. బరువు తగ్గినా, ఆ చిన్న ఒంట్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. తల్లి అరకొరగా తిని, పొలం పని చేస్తూ మోసిన బిడ్డ కరువుకు సిద్ధమై పుట్టాడు. ఎదిగేసరికి ఎదురైంది కరువు కాదు, కడుపునిండా తెల్లన్నం.

ఇక్కడ తాత కన్నా అమ్మమ్మకే లెక్క ఎక్కువ. ఆడపిల్ల అండాలు ఆమె తల్లి కడుపులో ఉండగానే తయారవుతాయి. అంటే ఇవాళ షుగరు పరీక్షకు వరుసలో నిలబడ్డ మనిషి మొదటి కణం పడింది అమ్మమ్మ గర్భవతిగా ఉన్న రోజుల్లో, ఆమె తిన్న గంజితో. యాజ్ఞిక్ బృందం 2012లో మొదలుపెట్టిన ప్రయోగంలో అందుకే మధుమేహ రోగులను తీసుకోలేదు. అదే పల్లెల్లో, తాము పుట్టుక నుంచి చూస్తూ వచ్చిన పిల్లలు యుక్తవయసుకు రాగానే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ పెళ్లిళ్లు కాకముందే విటమిన్ బి12 ఇవ్వడం మొదలుపెట్టారు.