భిలాయి పెరట్లో గొడుగు తుంగ: తొట్టిలో అందం, చెరువులో ముప్పు

తుంగ అనగానే రైతుకు గుర్తొచ్చేది కలుపే. నేలలో గడ్డలు మిగిలితే చాలు, పీకిన కొద్దీ మొలుస్తుంది. అదే కుటుంబానికి చెందిన, ఆఫ్రికా నుంచి వచ్చిన గొడుగు తుంగ మాత్రం అలంకరణ మొక్క. నిటారు కాడల చివర ఆకులు గొడుగు పుల్లల్లా విచ్చుకుంటాయి.

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రగిలిన భిలాయిలో తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. అక్కడి క్వార్టర్ల పెరట్లో చిన్న చిత్తడి తోటకు ఇది సరిపోతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండకు చలిదేశాల తుంగలు తట్టుకోలేవు. ఇది తట్టుకుంటుంది, వేళ్ల దగ్గర తడి ఆరనంత వరకే.

అడుగున రంధ్రం లేని తొట్టిలో బంకమట్టి నింపి, జూన్‌లో తొలి వానలకు నాటాలి. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి గానీ, పైన నీరు నిలవకూడదు. నిలిస్తే డెంగీ దోమలకు నెలవవుతుంది. కొలను అంచున కుండీ దించితే నీళ్లలో గప్పీ చేపలు వదలాలి.

కొత్త మొక్క కావాలంటే గొడుగును రెండంగుళాల కాడతో కోసి, నీళ్లలో తలకిందులుగా ఉంచితే కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి.

ముప్పూ ఇక్కడే ఉంది. కత్తిరించి కాలువలో పారేసిన గొడుగు చెరువు చేరితే అక్కడే వేళ్లూనుతుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో స్నానానికీ, చేపలకూ చెరువే ఆధారం. అందుకే కోసినవాటిని ఎండబెట్టాలి, గింజ ముదరకముందే పూతను తీసేయాలి. చెరువు గట్టుకు స్థానికంగా పెరిగే తుంగ, జమ్ము చాలు.