కారు ఉన్నట్టుండి వెనకాడుతోందా?

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు నడిపే అక్కచెల్లెళ్ళకు ఈ బాధ తెలిసే ఉంటుంది. ముందు సిమెంటు లారీ, వెనక కంపెనీ బస్సు. దాటేద్దామని యాక్సిలరేటర్ నొక్కుతారు. కారు ఒక్క క్షణం ఆలోచనలో పడ్డట్టు ఆగి, తర్వాత దబ్బున ముందుకు దూకుతుంది. ఆపైన నాలుగు రోజులు ఏమీ ఉండదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తేనో, పెళ్ళిచూపుల్లో కూర్చున్న అమ్మాయిలా ఎంతో బుద్ధిగా నడుస్తుంది! "బాగానే ఉంది కదమ్మా" అంటాడు ఆయన. "నీకే అలా అనిపిస్తోంది" అంటారు ఇంట్లో వాళ్ళు. మీరు మాత్రం ఆ మాటలకు లొంగకండి. వచ్చిపోయే జబ్బు కూడా జబ్బే.

అసలు సంగతి ఏమిటంటే, వెనకటి కార్లలో యాక్సిలరేటర్‌కి ఒక తీగ ఉండేది. బావిలో చేదను తాడుతో లాగినట్టు, కాలు నొక్కితే ఆ తీగ ఇంజను దగ్గరి గాలి మూతను నేరుగా తెరిచేది. ఇప్పటి కార్లలో ఆ తీగ లేదు. మీ కాలు ఎంత నొక్కిందో పెడల్ దగ్గరి సెన్సార్లు కారులోని కంప్యూటర్‌కి చెబుతాయి. కంప్యూటర్ లెక్క వేసుకుని, చిన్న మోటారు చేత ఆ మూతను తిప్పిస్తుంది. ఆ మూత ఉండే డబ్బానే థ్రాటిల్ బాడీ అంటారు. అంటే కాలు నొక్కడం ఇప్పుడు పని చేయడం కాదు, పని చెప్పడం అన్నమాట.

పెడల్ దగ్గర సెన్సార్లు రెండు ఉంటాయి, థ్రాటిల్ బాడీలోనూ రెండు. ఒకే పనికి ఇద్దరు సాక్షులన్నమాట. ఇద్దరి మాటా ఒక లెక్క ప్రకారం కలవాలి. కలవకపోతే కంప్యూటర్ ఎవరినీ నమ్మదు. ఇంజను బలం తగ్గించేసి, మెల్లగా ఇల్లు చేరేంత ఓపిక మాత్రమే మిగులుస్తుంది. కొంతమంది దీన్నే ఇంజను పాడైందనుకుని హడలిపోతారు. నిజానికి అది మనల్ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు.

ఇదేమీ మన ఊరి గొడవే కాదు. 2009, 2010ల్లో అమెరికాలో టయోటా కార్లు వాటంతటవే పరుగెత్తుతున్నాయని పెద్ద రభస జరిగింది. ప్రభుత్వం చివరికి నాసా ఇంజనీర్ల చేత పరీక్ష చేయించింది. ఆ ప్రమాదాలకు ఎలక్ట్రానిక్ లోపం కారణమన్న రుజువు దొరకలేదని 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. పెడల్‌కి అడ్డం పడే కాళ్ళ పట్టా, బిగుసుకునే పెడల్, ఇవే తేలిన యాంత్రిక లోపాలు. అయితే ఒక కారు పెడల్ సెన్సారు లోపల మాత్రం, తగరం మీంచి వెంట్రుక కన్నా సన్నని తీగ మొలిచి రెండు సంకేతాలనూ కలిపేసిందని కనిపెట్టారు. ఇంత చిన్న కారణాన్ని కంటితో చూసి చెప్పమంటే ఏ మెకానిక్ మాత్రం ఏం చెబుతాడు? కాళ్ళ పట్టా సంగతి మాత్రం ఈ రోజే చూసుకోండి, అది మీ చేతిలో పని.

మెకానిక్ దగ్గరికి పోయేముందు పాలలెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించండి. ఎప్పుడు వెనకాడింది, పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ఎండలో ముత్తంగి దాటేసరికా? ఏసీ వేసి ఉందా? ట్యాంకులో పెట్రోలు ఎంత? వాన పడిందా? గతుకుల మీదా, నున్నటి రోడ్డు మీదా? ఇంజను లైటు వెలిగిందా? వారం రాస్తే సగం రోగం తెలిసిపోతుంది. గతుకుల మీదే వస్తే వదులైన కనెక్టరో, ఎలుక కొరికిన వైరో అనుకోవచ్చు. ట్యాంకు అడుగంటినప్పుడే అయితే పెట్రోలు పంపు మీద అనుమానం. ఎత్తు ఎక్కేటప్పుడే అయితే స్పార్క్ ప్లగ్గు, కాయిల్ చూడాలి.

"బ్యాటరీ వైరు పీకి పెట్టండి, సరిపోతుంది" అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. వద్దు. లోపం వచ్చినప్పుడు కంప్యూటర్ ఒక కోడు రాసుకుంటుంది, ఆ క్షణాన ఇంజను వేగం, వేడి ఎంతో కూడా దాచుకుంటుంది. వైరు పీకితే చాలా కార్లలో ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. ముందు స్కానర్ పెట్టించి, కోడు కాగితం మీద రాయించుకోండి. పి2138 అంటే చాలావరకు పెడల్ సెన్సార్ల తగవు, పి2135 అంటే థ్రాటిల్ సెన్సార్ల తగవు. అలాగని కోడు రాగానే పార్టు మార్చేయమని కాదు. తాళం తిప్పి, ఇంజను వేయకుండా, పెడల్‌ని మెల్లగా కింది దాకా నొక్కి వదలమనండి. స్కానర్‌లో అంకె మెట్టు తప్పకుండా ఎక్కి దిగాలి. మధ్యలో ఎగిరిందంటే దొంగ దొరికినట్టే. అదే సమయంలో వైరును కాస్త కదిపి చూడటం కూడా మంచిది.

మన వంటింటి చిమ్నీ జాలీకి జిడ్డు పట్టినట్టే, థ్రాటిల్ మూత అంచుకు నల్లటి జిగురు పేరుకుంటుంది. దానికి ప్రత్యేకమైన స్ప్రే ఉంది. గుడ్డ మీద చల్లి మెత్తగా తుడవాలి. తాళం వేసి ఉండగా వేలితో మూతను తోయకూడదు, లోపలి పళ్ళ చక్రాలు దెబ్బతింటాయి. తుడిచాక కంప్యూటర్‌కి కొత్త కొలత నేర్పించాలి. నేర్పించకపోతే ఆగి ఉన్నప్పుడు ఇంజను ఊగుతూ ఉంటుంది. "క్లీన్ చేశాక ఇంకా పాడైంది" అని చాలామంది అనేది ఇందుకే.

పాశమైలారం, ఇస్నాపూర్ వైపు తిరిగే బండ్లకు గాలి ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. పుస్తకంలో చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకుండా తీయించి చూడాలి. ఫిల్టర్ తర్వాతి గొట్టం చీలినా ఇవే లక్షణాలు. పెట్రోల్లో ఇప్పుడు కలిపే ఇథనాల్‌కి నీటిని పీల్చే గుణం ఉంది, కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అనుమానం కూడా పెట్టుకోండి.

రోడ్డు మీద కారు వెనకాడితే పెడల్‌ని పదే పదే కొట్టకండి. కాలు తీసి, ఇండికేటర్ వేసి, ఎడమ పక్కకు వచ్చేయండి. ఒకసారి ఆపి స్టార్ట్ చేస్తే మామూలైనా, ఆ రోజుకు లారీని దాటే సాహసం వద్దు. ఇక అరుదుగా కారు దానంతటదే దూసుకుపోతే బ్రేకు గట్టిగా ఒకేసారి నొక్కి, న్యూట్రల్ చేయండి. బండి కదులుతుండగా తాళం తీయకండి, స్టీరింగ్ బిగుసుకుంటుంది.

థ్రాటిల్ బాడీ గానీ పెడల్ గానీ కొత్తది వేయాలంటే ఖర్చు వేలల్లోనే. అందుకే స్కానర్ కాగితం, వైరు పరీక్ష అయ్యాకే ఒప్పుకోండి. మార్చిన పాత పార్టును డిక్కీలో పెట్టి ఇవ్వమనండి. వారంటీ ఉన్న బండైతే బయట వైరు కోయించకుండా, ముందు కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, జాబ్ కార్డు జిరాక్స్ దగ్గర పెట్టుకోండి.